కాన్సరు రోగి నవ్వు – ఇరుగుపొరుగు బాధ్యత

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు ఒక ప్రక్క బోయిగూడ వున్నది. పల్లకీలు మోసే బోయీల పేరు ఆ పేటకు నిలిచిపోయింది. ఇప్పుడు అక్కడ కలప డిపోలు, చిన్న చిన్న గోదాములు, ఇరుకు సందులలో కాపురాలు కనబడతాయి. గాంధీ ఆసుపత్రి 2003లో స్టేషను వద్ద నుండి ముషీరాబాదుకు మారినప్పటి నుండి అదికూడా ఈ పేటకు చేరువలోనే వున్నది. కనుక జిల్లాల నుండి రైలు దిగిన రోగులు, వారి వెంట వచ్చిన బంధువులు ఈ దారులలో తిరుగుతూనే వుంటారు. జబ్బుపడిన మనిషి ఇక్కడ ఎవరికీ క్రొత్త కాదు.

అయినప్పటికీ ఈ పేటలోగాని, ఇటువంటి మరే పేటలోగాని ఒక ఇంటిలో ‘కాన్సరు’ అనే మాట వినబడగానే ఇరుగుపొరుగు వారి ప్రవర్తన మారిపోతుంది. గొంతులు తగ్గుతాయి. పిల్లలను ఆ ఇంటికి పోవద్దంటారు. పరామర్శకు వచ్చినవారు గడపలోనే కళ్ళు తుడుచుకుంటారు. నిన్నటి వరకు అంగడిలో బేరమాడి, మస్జిదు మెట్ల మీద హాస్యమాడి, ఇంట్లో కోప్పడిన మనిషి ఆనాటి నుండి ‘పాపం’ అనే ఒక్క మాటగా మిగిలిపోతాడు. రోగి బ్రతికి వుండగానే అతని ఇంట సంతాపం మొదలవుతుంది.

దీనివల్ల ఎవరికి మేలు జరుగుతున్నది? రోగికి కాదు. అతనికి మందు ఎంత అవసరమో, మునుపటివలె తనను మనిషిగా చూసే నలుగురు మనుషులు కూడా అంతే అవసరం. ఆ నలుగురితో కలసి నవ్వే అవకాశం కూడా అవసరమే. ఈ మాట వినగానే కొందరికి అనుమానం కలుగుతుంది. ప్రాణాంతకమైన వ్యాధిలో నవ్వేమిటి? అది ధైర్యమా, నిర్లక్ష్యమా? ధర్మం దీనిని అనుమతిస్తుందా? వైద్యశాస్త్రం ఏమంటుంది? ఇరుగుపొరుగు వారు చేయగలిగినదేమిటి? ఈ ప్రశ్నలను ఒక్కొక్కటిగా పరిశీలించవలసి వున్నది.

వ్యాధి పేరు – దాని భయం

అరబీ భాషలోను, ఉర్దూలోను ఈ వ్యాధిని ‘సర్తాన్’ అంటారు. సర్తాన్ అంటే ఎండ్రకాయ. గ్రీకు వైద్యులు కూడా ఎండ్రకాయ అనే అర్థం వచ్చే మాటనే దీనికి వాడారు. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రకాయ కాళ్ళవలె కనబడటమే దీనికి కారణమని ప్రాచీనులు చెప్పారు. తెలుగునాట పెద్దలు ‘రాచపుండు’ అన్న మాట వాడేవారు. అన్ని భాషలలోను ఆ పేరు వెనుక భయమే వున్నది.

ఆ భయానికి ఆనాడు కారణం కూడా వుండేది. అందలూసియాకు చెందిన ప్రఖ్యాత శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం అల్ జహ్రావీ (మరణం 1013) తన గ్రంథమైన ‘అత్తస్రీఫ్’లో ఈ వ్యాధిని గూర్చి వ్రాస్తూ, గడ్డ చిన్నదిగా, మొదటి దశలో వున్నప్పుడు కోసి తీసివేయవచ్చునని చెప్పాడు. అది పెద్దదై ముదిరినట్లయితే దాని జోలికి పోవద్దని హెచ్చరించాడు. అటువంటి రోగిని తాను నయం చేయలేకపోయాననీ, మరొకరు చేయగా చూడలేదనీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. వెయ్యి సంవత్సరాలనాటి ఆ మాటలో సగం నేటికీ సత్యమే: తొందరగా గుర్తించటమే సగం చికిత్స. రెండవ సగం మాత్రం మారిపోయింది. శస్త్రచికిత్స, రేడియేషను, కీమోథెరపీ, వీటి తరువాత వచ్చిన క్రొత్త మందుల వల్ల అనేక రకాల కాన్సర్లు నేడు నయమవుతున్నాయి. నయం కానివాటిలో కూడా చాలామంది సంవత్సరాల తరబడి పనిపాటలు చేసుకుంటూ జీవిస్తున్నారు.

అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 14 లక్షల మందికి క్రొత్తగా ఈ వ్యాధి సోకినట్లు తేలింది. సుమారు 9 లక్షల మంది దీనివల్ల మరణించారు. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం – ఈ మూడు చోట్ల వచ్చేవే మన దేశంలో ఎక్కువ. ఈ మూడింటినీ మొదటి దశలో పట్టుకొనటానికి వీలున్నది. అయితే సిగ్గువల్ల స్త్రీలు, గుట్కా, జర్దా అలవాటు బయటపడుతుందన్న భయంవల్ల పురుషులు డాక్టరు వద్దకు పోవటం ఆలస్యం చేస్తారు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్న జంకు దీనికి తోడవుతుంది. కాన్సరును గూర్చి మామూలు గొంతుతో, వీలైతే చిరునవ్వుతో మాట్లాడగలిగిన పేటలో ఈ జంకు తగ్గుతుంది. అనగా నవ్వు ఇక్కడ కేవలం కాలక్షేపం కాదు. అది దాపరికాన్ని తొలగించే సాధనం కూడా.

ధర్మం ఏమంటుంది?

అతిగా నవ్వటం హృదయాన్ని మొద్దుబారజేస్తుందని హదీసులో వున్నది. దీనిని ఆధారం చేసుకొని కొందరు రోగి వద్ద నవ్వటమే తప్పని భావిస్తారు. కాని ఆ హెచ్చరిక అతిని గూర్చినదేగాని నవ్వును గూర్చినది కాదు. మహాప్రవక్త (స) వారు పరిహాసమాడేవారనీ, అందులోకూడా సత్యమే పలికేవారనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. స్వారీకి ఒంటె కావాలని అడిగిన మనిషికి ఒంటె పిల్లను ఇస్తామని చెప్పి, అతడు తికమకపడగా, ఏ ఒంటె అయినా మరొక ఒంటెకు పిల్లే కదా అని ఆయన నవ్వించిన సంఘటన ప్రసిద్ధమైనది. జాహిర్ అనే పల్లెవాసిని బజారులో వెనుక నుండి పట్టుకొని, ఈ బానిసను ఎవరు కొంటారని ఆయన హాస్యమాడారు. తనకు వెల రాదని జాహిర్ అనగా, అల్లాహ్ దృష్టిలో అతని విలువ గొప్పదని తెలిపారు. ఈ రెండింటిలోను ఎవరికీ అవమానం లేదు. హాస్యం ముగిసేసరికి ఎదుటి మనిషి విలువ పెరిగింది.

వ్యాధి సందర్భంలోనే జరిగిన మరొక సంఘటన సహీహ్ బుఖారీలో, అదీ రోగులకు సంబంధించిన అధ్యాయంలో వున్నది. ఒకనాడు హజ్రత్ ఆయిషా (ర) తలనొప్పితో బాధపడుతూ మూలిగారు. నా జీవితకాలంలోనే అది జరిగితే నీ మన్నింపు కొరకు నేను ప్రార్థిస్తాను అన్న భావంతో ప్రవక్త (స) వారు పలికారు. ఆమె వెంటనే, తాను చనిపోవాలని ఆయన కోరుతున్నట్లున్నదనీ, అలా జరిగితే ఆ సాయంత్రమే మరొక భార్య ఇంట వుంటారనీ ఎత్తిపొడిచారు. ఆయన దానికి కోపగించుకోలేదు. అసలు మూలగవలసింది తన తలకేనని బదులిచ్చారు. ఆయనకు చివరి జబ్బు మొదలైన రోజులవి.

ఈ సంఘటనలో గమనించవలసిన విషయాలు మూడున్నాయి. మొదటిది, బాధను దాచలేదు; నొప్పిని నొప్పి అనే చెప్పుకున్నారు. రెండవది, మృత్యువు పేరెత్తటానికి వెనుకాడలేదు. మూడవది, హాస్యమాడినవారు ఒకరినొకరు బాగా ఎరిగినవారు. సహనం అంటే మూలగకుండా పళ్ళు బిగించటం కాదు. హజ్రత్ యాఖూబ్ (అ) తన దుఃఖాన్ని అల్లాహ్ కు విన్నవించుకున్నారు. హజ్రత్ అయ్యూబ్ (అ) తన బాధను చెప్పుకొని ప్రార్థించారు. ఏడ్వటానికి అనుమతి వున్నచోటనే నవ్వుకు కూడా అర్థం వుంటుంది.

నవ్వు ఏమి చేయగలదు? ఏమి చేయలేదు?

నవ్వును గూర్చి లేనిపోని మహిమలు ప్రచారంలో వున్నాయి. కనుక ఇక్కడ జాగ్రత్త అవసరం. అమెరికా పత్రికా సంపాదకుడు నార్మన్ కజిన్స్ 1964లో తీవ్రమైన కీళ్ళ, వెన్నెముక వ్యాధితో మంచం పట్టి, హాస్యచిత్రాలు చూసి నవ్వేవాడు. పది నిమిషాల నవ్వు తనకు రెండు గంటల నొప్పి లేని నిద్రనిచ్చిందని ఆయన 1976లో ఒక వైద్య పత్రికలోను, 1979లో ఒక పుస్తకంలోను వ్రాశాడు. ఆ కథ లోకమంతా వ్యాపించి, నవ్వితే కాన్సరు కూడా పోతుందన్న రూపం దాల్చింది. నిజానికి ఆయనకు వచ్చింది కాన్సరు కాదు. ఆయన చెప్పుకున్నది కూడా ఒక మనిషి అనుభవమేగాని పరీక్షించిన చికిత్స కాదు.

పరీక్షించి చూసిన విషయాలు వేరే వున్నాయి. ఇంగ్లండులో రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు జరిపిన ప్రయోగాలలో, నలుగురితో కలసి కడుపారా నవ్వినవారు ఆ తరువాత మునుపటికన్న ఎక్కువ నొప్పిని ఓర్చుకోగలిగారు. నవ్వు వల్ల శరీరంలోనే పుట్టే నొప్పి నివారక పదార్థాలు దీనికి కారణమై వుండవచ్చునని వారు భావించారు. ఒంటరిగా వున్నప్పటికన్న నలుగురిలో వున్నప్పుడు మనిషి సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రజ్ఞుడు లెక్కగట్టాడు. అనగా నవ్వు ప్రధానంగా సాంఘికమైనది. రోగిని ఒక గదిలో వుంచి, ‘ధైర్యంగా వుండు, నవ్వుతూ వుండు’ అని చెప్పి పోవటంలో అర్థం లేదు. నవ్వు కావాలంటే ముందు మనుషులు కావాలి.

మరి తోడు వల్ల ఆయుష్షు పెరుగుతుందా? అమెరికాలో డేవిడ్ స్పీగెల్ వ్యాపించిన రొమ్ము కాన్సరు గల 86 మంది స్త్రీలను పరిశీలించి, వారానికొకసారి ఒకచోట కూడి కష్టసుఖాలు చెప్పుకున్నవారు మిగిలినవారికన్న సగటున ఏడాదిన్నర ఎక్కువ జీవించారని 1989లో ప్రకటించాడు. అది ఎంతో ఆశ కలిగించింది. కాని 2001లో కెనడాలో 235 మంది స్త్రీలతో జరిపిన పెద్ద పరిశీలనలో ఆయుష్షు పెరగలేదని తేలింది. 2007లో స్పీగెల్ తానే మరల చేసిన పరిశీలనలో కూడా మొత్తం మీద అదే ఫలితం వచ్చింది. అయితే కెనడా పరిశీలనలో మరొకటి కూడా తేలింది: అలా కూడి మాట్లాడుకున్నవారిలో మనోవేదన తగ్గింది, నొప్పి కూడా తక్కువగా అనిపించింది. ముఖ్యంగా మొదట ఎక్కువ దుఃఖంలో వున్నవారికి ఎక్కువ మేలు జరిగింది.

దీనిని బట్టి న్యాయమైన మాట ఇది: నవ్వు, తోడు కాన్సరును నయం చేయవు. వాటికోసం చికిత్సను మానుకొనటం ఆత్మవంచన. కాని వ్యాధితో గడిపే రోజులను అవి భరించదగినవిగా చేస్తాయి. ఆయుష్షు అల్లాహ్ చేతిలో వున్నది. ఆ ఆయుష్షులోని రోజులు ఎలా గడవాలన్న దానిలో మాత్రం మనుషులకు చాలా భాగం వున్నది.

ఈ మాటను మరువటంవల్ల జరిగే హాని ఒకటున్నది. ‘మనసు గట్టిగా వుంటే జబ్బు పోతుంది’ అని పదేపదే వినిన రోగి, జబ్బు తిరగబెట్టినప్పుడు తన మనసే బలహీనమైనదని తనను తాను నిందించుకుంటాడు. వ్యాధి బాధకు నేరస్థుడన్న బాధ తోడవుతుంది. కనుక రోగిపై నవ్వును విధించరాదు. అతడు నవ్విననాడు కలసి నవ్వటం, ఏడ్చిననాడు ప్రక్కన కూర్చొనటం – ఈ రెండూ ఒకే సేవలోని రెండు భాగాలు.

ఎవరు, ఎప్పుడు, దేనిని గూర్చి?

కీమోథెరపీ వల్ల జుట్టు రాలిన మనిషి అద్దంలో చూసుకొని, ‘మంగలి ఖర్చు మిగిలింది’ అంటాడనుకుందాం. అతని తమ్ముడు దానికి నవ్వవచ్చు, మరొక మాట కలపవచ్చు. అదే మాట పరామర్శకు వచ్చిన దూరపు బంధువు తనంతట తాను అంటే అది గాయమవుతుంది. ఇక్కడ మొదటి సూత్రం తెలుస్తుంది: వ్యాధిని గూర్చిన హాస్యానికి హక్కుదారు రోగియే. తలుపు అతడు తీయాలి. తరువాతనే ఇతరులు ప్రవేశించాలి.

రెండవ సూత్రం, హాస్యం వ్యాధి తెచ్చిన తిప్పల మీద వుండాలిగాని మనిషి మీద వుండరాదు. రుచి తెలియని నోరు, ఆసుపత్రిలో గంటల తరబడి నిరీక్షణ, ఒకరు బొప్పాయి ఆకు, మరొకరు కలబంద అంటూ ఊరంతా ఇచ్చే ఉచిత సలహాలు – ఇవన్నీ నవ్వుకు తగినవే. రోగి సన్నబడిన తీరు, స్త్రీ శరీరంలో శస్త్రచికిత్స వల్ల కలిగిన లోపం, ఇంటి అప్పులు నవ్వుకు తగినవి కావు. మూడవ సూత్రం, ప్రవక్త (స) వారి హాస్యంలో కనబడేదే: అందులో అబద్ధం వుండరాదు. ‘నీకేం కాలేదు, ఊరికే భయపడుతున్నావు’ అనటం హాస్యం కాదు, ఓదార్పు కూడా కాదు. అది రోగి నోరు మూయించటమే.

తెలుగువారికి ఈ విషయంలో ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ వున్నది. నటుడు అక్కినేని నాగేశ్వరరావు తనకు కాన్సరు వచ్చిన విషయాన్ని 2013 అక్టోబరు 19న పత్రికలవారిని పిలిచి తానే ప్రకటించాడు. అప్పటికి ఆయనకు 89 ఏళ్ళు నిండాయి. పుకార్లకు తావివ్వక, దిగులు మొహం పెట్టక, మామూలు ధోరణిలో మాట్లాడాడు. ‘మనం’ చిత్రంలో తన పాత్రను పూర్తిచేశాడు. 2014 జనవరి 22న మరణించాడు. ఆ చిత్రం అదే సంవత్సరం మే నెలలో విడుదలయింది. ఆయన వ్యాధి నయం కాలేదు. కాని ‘ఆ పేరు పైకి చెప్పరాదు’ అన్న ఆచారాన్ని ఒక వృద్ధుడు అందరి ఎదుట త్రోసివేశాడు.

హైదరాబాదు, సికింద్రాబాదు ముస్లింలకు హాస్యం కొరకు ఎక్కడికో పోవలసిన అవసరం కూడా లేదు. ‘జిందా దిలానె హైదరాబాద్’ అనే హాస్యప్రియుల సంఘం 1962 నుండి ఈ నగరంలో ముషాయిరాలు నిర్వహించింది. ముస్తఫా కమాల్ సంపాదకత్వంలో 1968లో ‘షగూఫా’ అనే ఉర్దూ హాస్య మాసపత్రిక వెలువడింది. ఉర్దూ హాస్య రచయిత ముజ్తబా హుసేన్ కు 2007లో పద్మశ్రీ లభించింది. దక్కనీ భాషలోని హాస్యం ఎక్కువగా పేదరికాన్ని, ఇంటి తగవులను, ఎండిన నూతిని, కారే ఇంటికప్పును గూర్చినది. కష్టాన్ని ఎదుట నిలబెట్టి దానిని చూసి నవ్వటం ఈ ప్రాంతపు పాత విద్య. ఆ విద్య రోగి గదిలోకి పోకుండా గడప వద్దే ఆగిపోవటం విచారకరం.

ఇయాదత్ – పరామర్శ కాదు, హక్కు

జబ్బుపడినవానిని చూడబోవటం ఒక ముస్లింపై మరొక ముస్లింకు గల హక్కులలో ఒకటి. ఇది దయ కాదు, బాకీ. ఈ హక్కు మతానికి పరిమితమైనది కూడా కాదు; తమకు సేవచేసే యూదు బాలుడు జబ్బుపడినప్పుడు ప్రవక్త (స) వారు స్వయంగా అతని ఇంటికి పోయి తల వద్ద కూర్చున్నట్లు బుఖారీలో వున్నది. రోగిని చూడబోయినప్పుడు, భయం లేదు, అల్లాహ్ తలిస్తే ఇది పాపాలను కడిగే ప్రక్షాళన అవుతుందన్న అర్థంగల నాలుగు మాటలు చెప్పటం ఆయన అలవాటు. తొమ్మిదవ శతాబ్దంలో అల్ రుహావీ వైద్యుల ధర్మాలను గూర్చి వ్రాసిన గ్రంథంలో, రోగిని చూడవచ్చేవారు ఎలా నడుచుకోవాలో కూడా చర్చించాడు. తుర్కీలోని ఎదిర్నె నగరంలో సుల్తాన్ బాయజీద్ 1488లో కట్టించిన ఆసుపత్రిలో రోగుల మనసు కుదుటపడటానికి వారానికి మూడుసార్లు సంగీతకారులు వచ్చేవారని యాత్రికుడు ఎవ్లియా చెలెబీ వ్రాశాడు. రోగి మనసు సంగతి చికిత్సలో భాగమన్న భావన ముస్లిం సమాజానికి క్రొత్తది కాదు.

నేడు ఇయాదత్ ఎలా జరుగుతున్నది? పదిమంది ఒకేసారి వస్తారు. ఫలానావారికి ఇదే జబ్బు వచ్చి ఎలా పోయారో వివరంగా చెబుతారు. పండ్లు పెట్టి పోతారు. మరల కనబడరు. కీమోథెరపీ తీసుకుంటున్న రోగికి అంటువ్యాధులను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. జలుబు, జ్వరం వున్నవారు రావటమే ప్రమాదం. కాన్సరు ఒకరి నుండి మరొకరికి అంటదుగాని, వచ్చినవారి జలుబు రోగికి అంటుతుంది. కనుక కొద్దిమంది, కొద్ది సేపు, మరల మరల రావటం మంచిది. ‘ఏమైనా కావాలంటే చెప్పండి భాయీ’ అనటం సులభం. రోగి ఏనాడూ అడగడు. ‘మంగళవారం నాడు ఆసుపత్రికి నేను తోడు వస్తాను’ అనటమే సహాయం. రోగిని సలహా అడగటం, మొహల్లా కబుర్లు చెప్పటం, వెనుకటివలె అతనితో వాదించటం కూడా సహాయమే.

రోగితోపాటు అతనికి సేవచేసే మనిషి సంగతి కూడా చూడాలి. చాలా ఇళ్ళలో ఆ మనిషి భార్యో, కోడలో, కూతురో అయి వుంటుంది. ఆమె ఎన్నడు నిద్రపోయిందో అడిగేవారు వుండరు. రెండు గంటలు రోగి వద్ద కూర్చొని ఆమెను పడుకొనిచ్చిన పొరుగింటి ఖాలా చేసిన సేవ చిన్నది కాదు.

నొప్పి వుండగా నవ్వు రాదు

ఇంతవరకు చెప్పినదంతా ఒక షరతుకు లోబడి వున్నది. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి హాస్యం హింస అవుతుంది. ముందు నొప్పి తగ్గాలి. తీవ్రమైన కాన్సరు నొప్పికి మార్ఫిన్ ప్రధానమైన మందు. అది నల్లమందు నుండి వస్తుంది కనుక అది మత్తుపదార్థమనీ, ధర్మవిరుద్ధమనీ కొందరు వెనుకాడుతారు. అగత్యం ఏర్పడినప్పుడు చికిత్స కొరకు ఇటువంటి మందును వాడుకోవచ్చునని ఫుఖహాలు చెప్పివున్నారు. డాక్టరు పర్యవేక్షణలో, తగిన మోతాదులో నొప్పికి వాడే మార్ఫిన్ వేరు, వ్యసనం వేరు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆసుపత్రులు దీనిని తెప్పించుకోవటానికి అనేక అనుమతులు కావలసి వచ్చేది. 2014లో ఆ చట్టాన్ని సవరించి ఈ చిక్కును తగ్గించారు.

హైదరాబాదు రెడ్ హిల్స్ లోని ప్రభుత్వ కాన్సరు ఆసుపత్రి 1955లో ఏర్పడింది. దాని స్థాపనకు పాటుపడిన మెహదీ నవాజ్ జంగ్ పేరనే అది నేటికీ నడుస్తున్నది. ఆయన 1960లో గుజరాత్ మొదటి గవర్నరు అయ్యారు. ఆ ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగం వున్నది. చివరి దశలో వున్న రోగుల కొరకు ‘స్పర్శ్’ అనే ఉచిత ఆశ్రయం నగరంలో 2011లో మొదలయింది. ‘ఇక చేయగలిగింది ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోండి’ అన్న మాటతో చికిత్స ముగిసిపోదని, నొప్పికి, ఆయాసానికి, నిద్రలేమికి అప్పుడుకూడా చికిత్స వున్నదని ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి.

మలప్పురం చూపిన దారి

ఇరుగుపొరుగు బాధ్యతను ఒక పద్ధతిగా మార్చినవారు కేరళలో వున్నారు. 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలైనవారు కోజికోడ్ మెడికల్ కాలేజీలో నొప్పి నివారణ క్లినిక్కును ప్రారంభించారు. రోగులు అంత దూరం రాలేరని గ్రహించి, 1999 నుండి ఆ పనిని ఇరుగుపొరుగు వారి చేతికే అప్పగించే ఉద్యమం మొదలయింది. ముస్లింలు అధికంగా గల మలప్పురం జిల్లా దానికి ప్రధాన కేంద్రమయింది. టీచర్లు, దుకాణదారులు, విద్యార్థులు, గృహిణులు కొద్దిపాటి శిక్షణ పొంది, వారానికి కొన్ని గంటలు తమ వీధిలోని రోగుల ఇళ్ళకు పోతారు. నర్సు పుండు కట్టు మారుస్తుంది. వలంటీరు కబుర్లు చెబుతాడు, ఇంట్లో బియ్యం వున్నాయో లేదో చూస్తాడు. చిన్న చిన్న చందాలతో ఖర్చు గడుస్తుంది. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు అన్న భేదం పాటించరు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది.

దీనిలో అద్భుతమేమీ లేదు. అక్కడివారు రోగిని ఆసుపత్రి ఆస్తిగా భావించక, వీధి మనిషిగా భావించారు. అంతే.

ఒక పేటలో చేయగలిగినది

బోయిగూడ వంటి పేటలో ఈ పని మొదలుపెట్టటానికి భవనం అవసరం లేదు. ఐదారుగురు చాలు. వారిలో స్త్రీలు తప్పక వుండాలి. లేనిచో స్త్రీల బాధ బయటికి రాదు. రోగి అనుమతి లేకుండా అతని సంగతి ఎక్కడా, మస్జిదు ప్రకటనలో సైతం చెప్పరాదు. ఈ నియమం లేనిచోట ఎవరూ తలుపు తీయరు.

తెలియవలసిన విషయాలు కొన్ని వున్నాయి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం కాన్సరు చికిత్సకు వర్తిస్తుంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచారు. చికిత్స కొరకు రైలులో ప్రయాణించే కాన్సరు రోగికి, డాక్టరు సర్టిఫికెట్టుపై, స్లీపరు తరగతిలోను, ఏసీ మూడవ తరగతిలోను పూర్తి ఛార్జీ మినహాయింపు వున్నది. తోడు వచ్చే ఒకరికి 75 శాతం తగ్గింపు వున్నది. సికింద్రాబాదు స్టేషనులో దిగే ఎందరో పేదలకు ఈ సంగతే తెలియదు. నిరుపేద రోగి జకాత్ కు అర్హుడే. వ్యాధి అతని అర్హతకు అడ్డు కాదు. కాగితాలు నింపటం, వరుసలో నిలబడటం, ఆటో మాట్లాడటం, రక్తదాతను వెదకటం – ఇవి చదువుకున్న యువకులు చేయగల పనులు.

పొరుగున వున్న హిందూ కుటుంబాన్ని కూడా ఈ పనిలో కలుపుకోవాలి. వారి ఇంట వ్యాధి వచ్చిననాడు ఇక్కడివారు పోవాలి. ఇరుకు సందులలో గోడలు కలసి వుంటాయి. ఒక ఇంటి మూలుగు రెండవ ఇంట వినబడుతుంది. నవ్వు కూడా అలాగే వినబడాలి.

జనాజా లేచినప్పుడు భుజం ఇవ్వటానికి ముస్లిం సమాజంలో ఎవరినీ పిలువవలసిన అవసరం వుండదు. ఎరుగనివారు సైతం దారిలో ఆగి, నాలుగడుగులు మోసి, మరొకరికి అందించి పోతారు. ఆ బరువు ఎవరి భుజంపైనా ఎక్కువసేపు నిలవదు. ఇది గొప్ప ఆచారం. ఆ మనిషి ఇంకా బ్రతికి వున్నప్పుడు, మంచం మీద దిండుకు ఆనుకొని ఎవరు వస్తారా అని గుమ్మం వైపు చూస్తున్నప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు. అప్పుడు మోయవలసింది శవం కాదు. ఒక సాయంత్రం, ఒక ఆసుపత్రి ప్రయాణం, ఒక రాత్రి జాగరణ. వంతులు వేసుకొని మోస్తే అవి కూడా తేలికవుతాయి. ఆ తేలికలోనే రోగికి మరల నవ్వు వస్తుంది.